ఊరు పోయి మిగిలిన పేరు

నేను ఒక ఊరి పేరును. ఊరు లేదు లెండి, నేనే మిగిలాను.

నన్ను అక్వే లీవియే అంటారు. నాది లాటిన్. ఆఫ్రికా ఎడారి అంచున ఓ ఊట దగ్గర రోము సైనికులు కాళ్లు కడుక్కుని, లీవియా అనే దొరసాని మెప్పు కోసం 'లీవియా నీళ్లు' అని నన్ను పుట్టించారు. ఆవిడ ఒక్కసారైనా వచ్చి మొహం కడిగిన పాపాన పోలేదు. మీ నీళ్లలాగే నేనూ పుట్టుకతో బహువచనాన్ని. మీ తెలుగు పేర్లకు హాయి, 'కి', 'లో' వచ్చి పక్కన కూర్చుంటాయి. నా ఖర్మ, ప్రతిసారీ తోక మార్చుకోవాలి. ఊరికి వెళ్తే అక్వాస్, ఊళ్లో ఉంటే అక్విస్!

ఊట ఎండింది. జనం మూటాముల్లె సర్దుకుని పోయారు. తర్వాత పండితుల చేతిలో పడ్డాను. ఆ నీళ్లు దొరసాని సొత్తా, ఊరికే ఆవిడ గౌరవార్థమా అని ఇద్దరు జుట్లు పట్టుకునేవారే. బట్టతలలు కాబట్టి బతికిపోయారు.

కథోలికులకు ఓ ఆచారం ఉంది. ఏలుకోవడానికి సొంత ఇలాకా, అదే మేత్రాసనం, లేని సహాయ బిషప్పుకు, ఎప్పుడో చచ్చిన ఊరి పేరొకటి బిరుదుగా ఇస్తారు. అలా ప్రకాశం జిల్లాలో సహాయ బిషప్పయిన ఇన్నయ్యగారి వంతుకు వచ్చాను. ఆయన మొదటిసారి రాళ్లదిన్నె అనే ఊరికి వెళ్లిన రోజున అక్కడి చర్చి ఉపదేశి ఉత్సాహం పట్టలేక, "మన ఏలినవారు లీవియా నీళ్లకు బిషప్పు!" అని మైకులో చాటాడు. ఆ ఊళ్లో నెలల తరబడి తాగడానికి నీళ్లు లేవు. దండలు వేయాల్సిన ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వరస కట్టారు.

"మీ ఊరి నీళ్లు కాసిని ఇటు ఇడిపించండి ఏలినవారా," అంది ముందున్న ఆరోగ్యమ్మ.

"ఆ ఊరు మట్టిలో కలిసిపోయిందమ్మా. నేనూ చూడలేదు."

"చూడని ఊరికి బిషప్పేంది అయ్యా? ఆ ఊరికి మనుషుల్లేరు, మా ఊరికి నీళ్లు లేవు. ఇక మా పని చూడండి!"

ఇన్నయ్యగారి మొహం కందగడ్డయింది. నాకూ సిగ్గేసింది. నీళ్ల పేరు పెట్టుకుని నేను ఎవరి గొంతు తడిపాను గనుక?

మర్నాటి నుంచి ఆయన తెల్ల అంగీతో నీళ్ల ఆఫీసు గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చున్నారు. ఏ ఊరి బిషప్పని అడిగిన ప్రతివాడికీ నన్నే చెప్పారు. రోజూ ఆయన్ని దాటుకుని టీకి వెళ్లడం ఇంజనీరుకు ప్రాణసంకటమైంది. చివరికి రాళ్లదిన్నెకు పైపు పడింది, ట్యాంకు లేచింది. ఊరివాళ్లు దాని మీద నన్ను నీలం రంగుతో రాయించారు.

రాయించారే గానీ ఎవరికీ నోరు తిరగలేదు. లీవమ్మ ట్యాంకు అన్నారు, తర్వాత ఉత్త లీవమ్మ అన్నారు. నా తోకలు, బహువచనం అన్నీ పోయాయి. పోతే పోనీ.

ఇప్పుడు పొద్దున్నే కుళాయి బుసకొట్టగానే ఆరోగ్యమ్మ వీధి అదిరేలా కేకేస్తుంది.

"లీవమ్మ వచ్చిందే! బిందెలు తేండి!"

వస్తున్నా తల్లీ, వస్తున్నా.