రెండో కన్ను

కళ్ళత్త కుంచె కొనను పెదవుల మధ్య తడిపి మొన తేల్చింది. ఎదురుగా నిలువెత్తు దేవుడు. ప్లాస్టర్ బొమ్మ. మెడదాకా రంగులన్నీ పూసుకుని, ముఖం మాత్రం బోసిగా ఉన్నాడు. బొమ్మలకు కళ్ళు గీసేది ఆమే, అందుకే అందరికీ కళ్ళత్త. కనుపాప గీసేటప్పుడు ఊపిరి తీయదు. తీస్తే చెయ్యి కదులుతుంది, కదిలితే దేవుడికి మెల్లకన్ను వస్తుంది.

ఆ బొమ్మల కార్ఖానాలో ముందు ఎడమ కన్నే గీస్తారు. చేయించుకున్నవాళ్ళు వచ్చి చూసి సరేనన్నాకే రెండోది.

ఈ బొమ్మ పై వీధి కుర్రాళ్ళది. కళ్ళు నిప్పుల్లా ఉండాలని మేస్త్రికి పదిసార్లు చెప్పి వెళ్ళారు. సాయంత్రం దాన్ని బండెక్కించి కింది వీధిలోకి తోలుకెళ్తారట. మొన్న ఆ వీధిలోనే దర్జీని పట్టుకుని, కత్తెర పట్టే చెయ్యి గడపమీద పెట్టి విరగ్గొట్టారు. విరిచినవాళ్ళలో కళ్ళత్త కొడుకూ ఉన్నాడు. వాడి చొక్కా మీది నెత్తురు ఆమే ఉతికింది. రెండు నీళ్ళకీ వదల్లేదు. ఆ నెత్తురు తనవాడిది కాదని తెలియగానే ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకు తనంటే తనకే భయమేసింది.

ఇవాళ అటు వెళ్ళకురా, కింది వీధివాళ్ళూ ఊరుకోరు, నిన్ను ఏ మూలో నరికి పడేస్తారని పొద్దున బతిమాలింది. వాడు బూట్లు కట్టుకుంటూ తలెత్తలేదు.

"దేవుడికి మెతకవాళ్ళంటే గిట్టదమ్మా" అన్నాడు.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. వీడి నాన్న బెల్టు తీసినప్పుడల్లా గోడమీది పటం చూపించేవాడు. అందులో దేవుడు కళ్ళెర్రజేసి ఉండేవాడు. ఆయనే అలా ఉంటే నేనెంత, అనేవాడు. ఓ రోజు బెల్టు బిళ్ళ తగిలి ఆమె కుడి చెవి పోయింది. మొగుడు పోయిన మర్నాడు పటాన్ని గోడవైపు తిప్పేసి, ఇక్కడ పనిలో చేరింది. అప్పుడు కొడుక్కి మూడేళ్ళు. నిద్రలేస్తూ, అమ్మ ఉందో లేదోనని వెతికే చూపు ఒకటుండేది వాడికి. ఇరవై ఏళ్ళుగా ప్రతి బొమ్మకూ ఆ చూపే పెట్టింది. ఊరంతా దానికే మొక్కుతోంది. కొడుక్కి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మేస్త్రి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. ఆమె ఎర్ర రంగు డబ్బా మూత కూడా తీయలేదు. రెండు జీరలు లాగేస్తే నీ సొమ్మేం పోతుందని గొణిగాడు.

"నీకు మెత్తనివాడు కావాలని ఆయన మెత్తబడతాడా అత్తా?"

"వాళ్ళకు కోపిష్టి కావాలని కోపిష్టి అవుతాడా మరి?"

"ఇంతకీ అసలు ఎలా ఉంటాడంటావు?"

ఆమె కుంచె కడిగి గుడ్డకు తుడిచింది.

"నాకేం తెలుసు నాయనా. నా భయం కొద్దీ గీస్తున్నాను."

మధ్యాహ్నం పై వీధి కుర్రాళ్ళు తలుపు తన్నుకుంటూ వచ్చారు. పదిమంది, చేతుల్లో ఇనప రాడ్లు. ముందు కొడుకే. బొమ్మను చూసి ఒకడు, పాలకోసం ఏడ్చి లేచినట్టున్నాడురా మన దేవుడు, అన్నాడు. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. అడ్డుపడ్డ మేస్త్రి భుజంమీద రాడ్డు పడింది. ఎముక చిట్లిన చప్పుడు అందరికీ వినబడింది. వరసలో ఆరబెట్టిన బొమ్మల తలలు ఒక్కొక్కటే ఎగిరి పడుతున్నాయి.

"అమ్మా, ఎరుపు వెయ్యి. నలుగుర్లో నా పరువు తియ్యకు."

"అది నీ చూపేరా. మూడేళ్ళప్పుడు నువ్వు అట్లాగే చూసేవాడివి."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. కొడుకు ముఖం నల్లబడింది. రాడ్డు ఎత్తాడు, బొమ్మ ముఖం మీదికే. సరిగ్గా అప్పుడే కళ్ళత్త వెనక్కి తిరిగి, బల్లెక్కి, పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు దేవుడి మెడ చుట్టూ చేతులు వేసింది. తప్పుకో అత్తా అని మేస్త్రి కుడివైపునుంచి అరిచాడు. ఆ చెవికి వినబడదు, రెండోది దేవుడి మెడకు ఆనుకుని ఉంది.

రాడ్డు దిగింది. పెద్దగా చప్పుడేం కాలేదు. ఆమె బొమ్మను పట్టుకునే మెల్లగా కిందికి జారింది.

రాడ్లు పారేసి మిగతావాళ్ళంతా పరుగెత్తారు. కొడుకు తల్లి తల ఒళ్ళో పెట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి అమ్మా అమ్మా అని పిలుస్తూనే ఉన్నాడు, ఆ కుడి చెవిలోనే. తర్వాత ఎప్పుడో తలెత్తి చూశాడు. పైన దేవుడి ఎడమ కన్ను ఇంకా తడిగా, ఎవరికోసమో వెతుకుతోంది. కుడివైపు ఏమీ గీయని తెల్లటి గుంట. దానిమీద రెండు ఎర్ర చుక్కలు.

బల్ల చివర ఎర్ర రంగు డబ్బా ఉంది, మూత తీయకుండా.