చౌడమ్మ తాగిన ఒక గ్లాసు

మేం చౌడమ్మ అని పిలిచే మా పాప చౌడేశ్వరికి ఎడమ కిడ్నీలో వాపు ఉందని అది నా కడుపులో ఉన్నప్పుడే చెప్పారు. ఇప్పుడు దానికి నాలుగేళ్లు. ఆరు నెలలకోసారి అనంతపురంలో స్కాను తీస్తారు. వాపు పెరక్కపోతే సరే, పెరిగితే ఆపరేషన్. ఆ ఒక్క మాటతోనే నేను పడుకుంటాను, ఆ మాటతోనే లేస్తాను.

పోయినసారికి ఆస్పత్రిలో కొత్త స్కాను మిషను వచ్చింది. ముందు అది బెంగుళూరులోనే ఉండేదట, అక్కడ కూడా పెద్ద కేసులకే తీసేవారట. ఇప్పుడు ఇక్కడ మామూలుగా వచ్చే పిల్లలందరికీ తీస్తున్నారు. వాపు ఒక్కటే కాదు, కిడ్నీలో రక్తం ఎలా పారుతోందో, కిడ్నీ మెత్తగా ఉందో గట్టిపడిందో కూడా చూపిస్తుంది. దాంతో తీసి పంపేటప్పుడు, వచ్చేసారి కోసమని ఒక కాగితం ఇచ్చారు. స్కానుకు గంట ముందు ఒక గ్లాసు నీళ్లు తాపాలి. ఇంకేమీ తాపకూడదు. లోపలికి వచ్చే ముందు ఒంటికి పోయించాలి. పిల్లలందరికీ ఒకటే పద్ధతి, అప్పుడే పాత బొమ్మకూ కొత్త బొమ్మకూ పోలిక కుదురుతుందట.

తొమ్మిదో తరగతిలోనే బడి మానేసినా మా ఇంట్లో కాగితాలు చదివేది నేనే. నాలుగుసార్లు చదివాను. చదివేకొద్దీ భయం పెరిగింది. గ్లాసు అంటే ఏ గ్లాసు? మా ఇంట్లో టీ గ్లాసు ఉంది, నీళ్ల గ్లాసు ఉంది, మా మామ మజ్జిగ తాగే గ్లాసు ఉంది. అది గ్లాసు కాదు, చిన్న బిందె. ఈసారి స్కాను రోజున, తక్కువైతే ఏం ముంచుకొస్తుందోనని దాంతోనే తాపాను. ఆటో రాప్తాడు దాటాక పాప పెదవులు ఎండినట్టు కనిపించాయి. సీసాలోంచి ఇంకో నాలుగు గుక్కలు పట్టించాను. అవి గుక్కలే కదా, గ్లాసు కాదు.

ఆస్పత్రిలో చీటీ కోసం నేను వరసలో నిలబడ్డాను. పాప కాసేపు మా అత్త హనుమంతమ్మ దగ్గర, కాసేపు మా ఆయన గంగాధర్ దగ్గర ఉంది. మా పేరు పిలిచారు. బాత్రూముకు తీసుకుపోతే పాప తలుపు దగ్గరే కాళ్లు బిగబట్టింది. మన ఇంటికాడే పోతానంది. బయటినుంచి నర్సు అయిందా అని అడిగింది. మా వెనక పదిమంది ఉన్నారు. అయిందన్నాను.

స్కాను డాక్టరు ప్రశాంతి మేడం స్కాను తీసి, బొమ్మను చాలాసేపు చూసింది. పోయినసారి పన్నెండు మిల్లీమీటర్లున్న వాపు ఇప్పుడు ఇరవై ఒకటి అయిందట. ఇలాగే ఉంటే ఆపరేషన్ సంగతి మాట్లాడుకోవాలంది. తర్వాత కాసేపు నాకు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

కానీ మేడంకే నమ్మకం కుదరలేదు. రక్తం పోయినసారిలాగే పారుతోందట, కిడ్నీ మెత్తగానే ఉందట. పాత మిషనైతే వాపు ఒక్కటే చూసి తేల్చేసేదాన్ని, ఇది చూపిస్తున్నవి ఒకదానికొకటి కుదరడం లేదంది.

"ఏమేం తాపినారమ్మా?"

"కాగితంలో ఉన్నట్టే మేడం. ఒక గ్లాసు."

మా ఆయన గోడ మీది కిడ్నీ పటాన్ని తెగ చదువుతున్నాడు. మా అత్త కొంగు ముడి విప్పుతోంది, మళ్లీ వేస్తోంది. చివరికి ఆమే మొదలుపెట్టింది.

"ఆ యేడు కరువు చూసేదానికి సార్లు జీపుల్లో వచ్చినారమ్మా. రెండు నెల్లు చినుకు లేదు. వాళ్లొచ్చే పొద్దే వాన కొట్టె. శెనక్కాయ చెట్లు తలెత్తి నిలబడె. ఈడ కరువు యాడుండాదని రాసుకోని పోయినారు."

మేడంకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, చూసే పొద్దుకే పాపలోనూ వాన పడింది.

"పాపకు నేనొక లేత టెంకాయ తాపితిని," అంది అత్త. అంతటితో ఆగే మనిషి కాదు. కొడుకు వైపు తిరిగింది. "నీవూ చెప్పప్పా. నోట్లో ఏం పెట్టుకోనుండావు?"

మా ఆయన గేటు దగ్గర చెరుకు రసం తాపించాడట. పాప ఏడ్చిందట. అదీ ఒక గ్లాసేనట, కాగితంలో ఉన్నది కూడా అదే కదా అన్నాడు.

ఇప్పుడు ముగ్గురూ నన్ను చూశారు. మా మామ గ్లాసు సంగతి, సీసా సంగతి చెప్పేశాను. తర్వాతిదే ఇంకా దాచుకున్నాను. అబద్ధాలాడే తల్లి అని రాసుకుంటే పాపను మళ్లీ చూడరేమో. పాప అప్పటికే మోకాళ్లు దగ్గరికి చేర్చి నిలబడి ఉంది.

"అది ఒంటికి పోలేదు మేడం. పోయిందని నేనే చెప్పినా."

మేడం కోప్పడలేదు. నవ్వు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అన్ని నీళ్లు తాగి ఒంటికి పోకపోతే వాపు ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుందట. గంటన్నర ఆగి మళ్లీ తీద్దాం, ముందు పాపను తీసుకుపోండంది.

పాప బాత్రూముకు మళ్లీ రానంది. అత్త దాన్ని చంకనెత్తుకుని ఆస్పత్రి వెనక్కి పోయింది. అక్కడ ఎవరో నాటిన కానుగ మొక్క నీళ్లు లేక సగం ఎండి ఉంది. చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

"చెట్టు బతికె పో," అంది అత్త.

ఆ గంటన్నరా ముగ్గురం పాప చుట్టూ కూర్చుని ఒకరికొకరం కాపలా కాశాం. నా చేతిలోని సీసా లాక్కుని అత్త తన కాళ్ల కింద పెట్టుకుంది.

రెండోసారి పదమూడు వచ్చింది. ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు నెలలకు రండి అంది మేడం. ఆ అంకె మళ్లీ చెప్పమన్నాను. చెప్పింది. ఇంకోసారి అడిగితే రాసిచ్చింది.

ఆరు నెలల తర్వాత పోతే కాగితం మారింది. గ్లాసు బొమ్మ వేసి, ఎంతవరకు పోయాలో గీత గీశారు. కింద కొత్తగా ఒక వరుస ఉంది: పాపతో వచ్చిన ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగవలెను. అత్త చదివించుకుని తల ఊపింది. మంచి పని చేసినారు, ఈ మగోళ్లను నమ్మేదానికి లేదంది.

ఆమె సంచి బరువుగా కనిపించి తెరిచి చూశాను. లోపల లేత టెంకాయ.

"స్కాను అయినాంకలేమే," అంది.

పేరు పిలిచేదాకా ఆ సంచి నా ఒళ్లోనే ఉంది.