అరగని మెరుగు

ధవళేశ్వరంలో ఎజ్రా లేతు మిషను పొద్దున్నే మొదలవుతుంది. టేకు, తుమ్మ, పాత పడవల చెక్క, ఏది దొరికితే దాంతో పెన్నులు తీస్తాడు. తీసిన పెన్నుకి భార్య ప్రసన్నకుమారి అవిసె నూనె, తేనెమైనం కలిపి అరచేత్తో మెరుగు పెడుతుంది. అలా ఎవరు రుద్దితే వాళ్ల దస్తూరీ కొంచెం పెన్నులోకి దిగుతుంది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. రాసింది తామే చదువుకోలేని గుమస్తాలు కూడా ఆవిడ పెన్ను జేబులో పెట్టుకుని, ముత్యాల్లాంటి అక్షరాలు రాసి, పై అధికారుల దగ్గర మెప్పు కొట్టేస్తుంటారు.

చిక్కల్లా ఒకటే. చేతి చెమటకి ఆ నూనె మెరుగు ఏడాది తిరక్కుండానే అరిగిపోతుంది. అరిగినకొద్దీ దస్తూరీ మళ్లీ ప్రసన్నకుమారి చేతికి వచ్చేస్తుంది. ఆవిడకదే నిశ్చింత. ఆదివారం ఆదివారం లూథరన్ చర్చి గుమ్మంలో నల్లబల్ల మీద వాక్యం రాసేది ఆవిడే మరి.

"పెన్ను బంగారమండీ ఎజ్రా గారూ, మెరుగే నిలవట్లేదు," అంటూ ఇరిగేషన్ ఆఫీసు గంగాధర్ గారు మళ్లీ తిరిగొచ్చినప్పుడు ఎజ్రాకి తల కొట్టేసినట్టయింది. లక్క పూసి చూశాడు, చెమటకి తెల్లబారింది. వార్నిష్ వేసి చూశాడు, పెచ్చులూడింది. చివరికి ఫోన్లో వీడియోలు చూసి సూపర్ గ్లూకి దిగాడు. ప్రసన్నకుమారి రుద్దిన చెక్క మీద పల్చగా పొర మీద పొర వేసి, ఆరాక తడి ఉప్పుకాగితంతో సాపు చేస్తే అద్దంలా తేలింది. గోరుతో గీకినా గీత పడలేదు. గంగాధర్ గారు మురిసిపోయి ఒకటి పట్టుకెళ్లారు. ఆన్‌లైన్లో పెడితే బెంగుళూరు నుంచీ, ఢిల్లీ నుంచీ ఆర్డర్లు వచ్చాయి.

కొన్ని వారాలకి చర్చి నల్లబల్ల మీద వాక్యం వంకరపోయింది. ఎజ్రా చూశాడు. చూడగానే అర్థమైపోయింది కూడా. మెరుగు అరగకపోతే దస్తూరీ వెనక్కెలా వస్తుంది?

"సుద్దముక్క మంచిది కాదేమో," అన్నాడు భార్యతో. ఇంటికొచ్చి మళ్లీ మిషను వేశాడు. నిజం చెబితే గ్లూ మానెయ్యాలి, మానేస్తే మళ్లీ కొన్నవాళ్ల సణుగుళ్లు వినాలి. మనిషి చెడ్డవాడు కాదు, మెప్పు రుచి మరిగాడు, అంతే.

ఇంతలో రాజమండ్రిలో ఒక నర్సరీ స్కూలు నుంచి ప్రసన్నకుమారికి పిలుపొచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ ఎదురుచూసిన ఉద్యోగం. అక్కడ ప్రతి పిల్లవాడి పుస్తకంలో పై వరస టీచరే రాయాలి, కింద పిల్లలు చూసి రాసుకుంటారు. సోమవారం వచ్చి రాసి చూపించమన్నారు.

శనివారం పొద్దున ఆవిడ తెల్లకాగితం ముందేసుకుని కూర్చుంది. ఎంతసేపు కూర్చున్నా ఉత్త గీతలే పడ్డాయి.

"ఏవండీ, నా చెయ్యేంటి ఇలా అయిపోయింది?"

ఎజ్రా మిషను ఆపేశాడు. "నేనే కుమారీ. ఆ గ్లూ కింద నీ దస్తూరీ ఉండిపోయింది. చర్చి బల్ల చూసినరోజే తెలిసింది నాకు. తెలిసీ నీచేత రుద్దించాను."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "తెలిసీనా?" అని మాత్రం అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఎజ్రా గంగాధర్ గారి దగ్గరికి పరిగెత్తాడు. "అయ్యో, ముందే చెప్పొద్దూ!" అని ఆయన వెంటనే జేబులోంచి తీసి ఇచ్చేశారు. ఉప్పుకాగితంతో ఆ గ్లూ అంతా గీకేస్తే ప్రసన్నకుమారికి తన పేరు రాసుకునేంత దస్తూరీ తిరిగొచ్చింది. దూరాన ఉన్నవాళ్లకి ఫోన్లో మెసేజీలు పెట్టాడు. పెన్ను బ్రహ్మాండంగా ఉంది, తిరిగి ఇవ్వడమెందుకు అన్నారు వాళ్లు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఎజ్రా పాత పడవ చెక్కతో ఒక పెన్ను తీశాడు. దాన్ని తనే రుద్దడం మొదలుపెట్టాడు. అతని దస్తూరీకి అందం లేదు, చెక్క మీద గీసుకునే గుర్తుల్లా నిటారుగా, బోడిగా ఉంటుంది. కానీ ఎవరైనా చదవొచ్చు. చేతిలో ఇంకేమీ మిగల్లేదని తెలిసేదాకా రుద్దుతూనే ఉన్నాడు.

ఇక పైపూత మిగిలింది. నూనె మెరుగుతోనే వదిలేస్తే ఏడాదికి తన దస్తూరీ తనకి తిరిగొచ్చేస్తుంది, ఆవిడ ఉద్యోగం పోతుంది. ఎజ్రా గ్లూ సీసా మూత తీశాడు.

సోమవారం స్కూల్లో, ఎజ్రా తన సంచీలో పెట్టిన ఆ పెన్నుతో ఒక్క అక్షరం రాయగానే అది ఎవరి దస్తూరీయో ప్రసన్నకుమారికి తెలిసిపోయింది. ఉద్యోగం వచ్చింది. "అందంగా లేదు గానీ పిల్లలకి తేలిగ్గా ఉంటుందన్నారు," అని ఆవిడ వాళ్లమ్మతో ఫోన్లో చెబుతుంటే ఎజ్రా విన్నాడు. అతనితో మాత్రం అన్నం పెట్టేటప్పుడు కూడా మాట్లాడలేదు.

ఒక సాయంత్రం అవిసె నూనె డబ్బా పార్సిల్ వచ్చింది. కొరియర్ అతను సంతకం పెట్టమని కాగితం చాపాడు. ఎజ్రా అతనిచ్చిన పెన్ను పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అప్పుడే స్కూలు నుంచి వచ్చిన ప్రసన్నకుమారి గుమ్మంలో ఆగింది. భుజాన సంచీలోంచి తన పెన్ను తీసి, కాగితం లాక్కుని, ఎజ్రా అని సంతకం పెట్టింది. అదే నిటారు, అదే బోడితనం. ఎజ్రా ఇన్నేళ్లూ పెట్టిన సంతకమే అది. కొరియర్ అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"ఎక్కడైనా సంతకం కావాల్సొస్తే పిలవండి," అంది ఆవిడ లోపలికి వెళుతూ.

ఆ శనివారం తర్వాత ఆవిడ అతనితో అన్న మొదటి మాట అదే. ఎజ్రా తలెత్తలేకపోయాడు.