నిండు బస్సును వెనకేసుకొచ్చిన ట్రాక్టరు

మా వియ్యంకుడు బతుకంతా బస్సు నడిపాడు. అందుకే నా ట్రాక్టరు కథంటే ఆయనకు ఒళ్ళు మంట.

కథ పెద్దదేం కాదు. మీసాలు మొలిచీ మొలవని రోజుల్లో నేనొక ఆసామి దగ్గర ట్రాక్టరు తోలేవాణ్ణి. ఓ వానాకాలం సాయంత్రం, ఇటుక బట్టీ దాటాక వచ్చే ఎర్రమట్టి మిట్ట మీద, జనంతో కిక్కిరిసిన బస్సును వెనకేసుకొచ్చాను. అంతే. ఆ బస్సులో ముందు సీట్లో కూర్చున్న పిల్లే తరవాత నాకు పెళ్ళామైంది. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా కట్టుడుపళ్ళు ఊడి మీ ముందు పడతాయి.

చుట్టూ కాస్త ఉప్పూకారం తరవాత్తరవాత చేరాయనుకోండి, అది వేరే సంగతి. మా అమ్మాయి పుట్టేసరికి ట్రాక్టరు చక్రాలు నేలకు ఆనడం మానేశాయి. అమ్మాయిని వియ్యంకుడిగారి అబ్బాయికిచ్చేసరికి గాలికి నా చొక్కా గుండీలన్నీ తెగి పక్క చేలో పడ్డాయి. మనవరాలు పుట్టేసరికి ఆ వేగాన్ని అందుకోలేక నా నీడ వెనకబడిపోయి, మర్నాడు పొద్దున రొప్పుతూ ఇంటికొచ్చింది. ఏళ్ళ తరబడి చెప్పగా చెప్పగా ట్రాక్టరు అలాగే పరిగెత్తిందని నాకే గట్టి నమ్మకం కుదిరిపోయింది.

మనవరాలు కూడా నమ్మింది. నమ్మి ఊరుకోక, వియ్యంకుడిగారి ఒళ్ళో కూర్చుని, "తాతా, ఆ తాత ట్రాక్టరు ముందు నీ బస్సులన్నీ దండగటగా!" అంది. అప్పట్నుంచి ఆయన అదను కోసం చూస్తున్నాడు.

అదను కట్టెల మిల్లులో దొరికింది. వీధి తలుపు చెక్క పుచ్చిపోతే కొత్తది చూడ్డానికి ఇద్దరం వెళ్ళాం. మిల్లు వెనక రేకుల కొట్టంలో, రంపపు పొట్టు గుట్ట పక్కన, గోనెపట్టాల కింద ఏదో పెద్ద ఆకారం. పట్టా ఒక మూల ఎత్తాను. నిటారుగా పొగగొట్టం. పిచ్చుకలు గూడు పెట్టిన ఇనప సీటు. ఎడమ మడ్డుగార్డు మీద నేనే వేయించిన రేకు అతుకు. వెనక్కి వెళ్ళి చూశాను. బరువులు తగిలించే కొక్కెం ఓ పక్కకి వంగే ఉంది.

నా ట్రాక్టరే! గుండె ఇంజనుకన్నా ముందు స్టార్టయింది.

మిల్లు యజమాని చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "అది తుక్కుకి వెయ్యాలండీ. ఆ కొక్కెం కూడా వంకర."

"కొక్కెం జోలికి రాకు. తలుపు వద్దు, ఇది కావాలి," అన్నాను.

"తలుపు లేకపోతే దొంగలు పడతారు బావగారూ," అన్నాడు వియ్యంకుడు.

"పడనివ్వండి. దీంతో తరిమి పట్టుకుంటాను."

ఆయన బండి చుట్టూ మెల్లగా తిరిగాడు. టైరును కాలితో తట్టాడు. కంట్లో తళుక్కుమన్నది చూసి, ఏదో మూడిందనుకున్నాను.

"అయితే మీ విమానం ఇదేనా? మంచిది. వచ్చే వారం బడి మైదానంలో పాత బళ్ళ ప్రదర్శన. మా పాత కారూ వస్తోంది. మీ వీధి మొదట్నుంచి మిట్ట మీదుగా మైదానం దాకా ఇద్దరం పందెం. నేను గెలిస్తే ఆ కథ మీరు జన్మలో ఎత్తకూడదు. మనవరాలి దగ్గర అసలే ఎత్తకూడదు."

"నేను గెలిస్తే?"

"మైకు పట్టుకుని, నిజమేనర్రా అని ఊరందరికీ నేనే చెప్తాను."

చేతిలో చెయ్యి వేసేశాను. వేశాక గానీ ఏం పణం పెట్టానో తట్టలేదు. ఆ కథ తీసేస్తే నా దగ్గర మిగిలేవి మోకాళ్ళ నొప్పులు, కంటి చుక్కలు.

ట్రాక్టరును లారీ మీద మా మేనకోడలి వర్క్‌షాపుకి చేర్చాం. చిన్నప్పుడు గిలక్కాయ బదులు స్పానరు పట్టుకుని తిరిగిందని దాన్ని అందరూ స్పానరనే పిలుస్తారు. నాలుగు రోజుల్లో పంపు కడిగింది, గొట్టాలు మార్చింది. "మామయ్యా, హ్యాండిలు తిప్పు," అంది. తిప్పాను. ఒకసారి దగ్గింది. రెండోసారి నల్లగా ఉమ్మింది. మూడోసారి డుగ్... డుగ్... డుగ్డుగ్డుగ్! గోడకి వేలాడే స్పానర్లన్నీ గలగలలాడాయి. పొగగొట్టంలోంచి ఓ ఎలుక ఎగిరి ఎదురింటి మేడ మీద దిగింది. నమ్మితే నమ్మండి, దానికి దెబ్బ కూడా తగల్లేదు.

ఎక్కి వీధిలో తిప్పాను. గంతులేయాలనిపించింది. కానీ ఎంత తొక్కినా బండి తన నడకే నడుస్తుంది. స్పానరు పక్కనే చెప్పులు టపటపలాడిస్తూ, చెయ్యి తుడుచుకుంటూ, మాట్లాడుతూ నడిచొస్తోంది.

"ఏమే, ఇంతేనా ఇది?"

"ఇంతే మామయ్యా. దున్నడానికి పుట్టిన బండి."

"అప్పుడు పరిగెత్తిందే!"

"అప్పుడు నీకు వయసు పరిగెత్తుంటుంది."

షెడ్డులోకి తిరిగొచ్చాక గేరుపెట్టె మీద సుద్దముక్కతో గీత గీసింది. "వేగం కావాలంటే దారుంది. లోపలి పళ్ళచక్రాలు మార్చేస్తా. కొత్తవి పట్టడానికి ఇదిగో, ఈ గీత వెంట పెట్టె కోయాలి. అప్పుడు నిజంగానే ఉరుకుతుంది. కానీ లాగుడు పోతుంది. గట్టి బరువు తగిలిస్తే చతికిలబడుతుంది. కోశాక మళ్ళీ పాత బండి కాదు. బాగా ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది? కోసెయ్!"

"కోతలు కోసే నోటికి గేరుపెట్టె కోయించడం ఓ లెక్కా?" అంటూ మా ఆవిడ క్యారేజీతో లోపలికొచ్చింది.

ఆవిడ సంగతి ఒకటి చెప్పాలి. ఆ బస్సులో ఉన్న సాక్షి ఆవిడే. ఇన్నేళ్ళలో వియ్యంకుడు, "చెల్లెమ్మగారూ, మీరు చెప్పండి, నిజమేనా?" అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. "నన్నిందులోకి లాగకండి అన్నయ్యగారూ."

క్యారేజీ బల్ల మీద పెట్టి ట్రాక్టరు వెనక్కి వెళ్ళింది. కొంగుతో కొక్కెం తుడిచింది. ఆ వంకర మీద వేలు పెట్టి నా వైపు చూసింది.

"ఏమండీ, ఇది ఎలా వంగిందో మేనకోడలికి చెప్పారా?"

నేను వంగి ఆ వంకర తడిమాను. ఆ సంగతి నేను ఉప్పూకారాల అడుగున ఎక్కడో పడేసి మరిచిపోయాను. ఏమిటని మీరు అడక్కండి, మిట్ట దగ్గరికి వెళ్ళాక మీకే తెలుస్తుంది.

"సుద్దగీత చెరిపెయ్యవే," అన్నాను స్పానరుతో.

"మరి పందెం?"

"పందెం పోతే కథ పోతుంది. ఇది కోస్తే ఆ కథ జరిగిన బండే పోతుంది. తాడొకటి మంచిది ఉంటే సీటు కింద పడెయ్."

స్పానరు ఏమీ అర్థం కాకపోయినా గీత చెరిపేసింది. ముఖం మాత్రం వెలిగిపోయింది.

పందెం రోజు తెల్లవారుజామున వాన కొట్టి వెలిసింది. వియ్యంకుడు కారును అద్దంలా తుడిచి తెచ్చాడు. బస్సు నడిపే రోజుల నాటి టోపీ కూడా పెట్టుకున్నాడు. మా ఆవిడ న్యాయం చెప్పే పెద్దమనిషి. ట్రాక్టరు ఎక్కమంటే, "అలవాటు ప్రకారం వెనక బండిలోనే వస్తాను," అని కారు ముందు సీట్లో ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది.

"వెనక బండేమిటి చెల్లెమ్మగారూ, ముందుండేది మనం!" అని ఆయన ఇంతెత్తున నవ్వి, పాం పాం అని హారన్ కొట్టి దూసుకుపోయాడు.

నేను డుగ్ డుగ్ అని బయల్దేరాను. ఓ సైకిలు నన్ను దాటింది. ఓ కుక్క నాతో పోటీకొచ్చి, మధ్యలో స్తంభం దగ్గర పనిచూసుకుని కూడా నన్ను దాటింది. కూరగాయల సంచీతో ఒక ముసలమ్మ నా పక్కనే నడుస్తూ పిల్లల యోగక్షేమాలన్నీ అడిగి, విసుగొచ్చి ముందుకెళ్ళిపోయింది. కారు కనుచూపు మేరలో లేదు. సరే, కథకి నూకలు చెల్లాయనుకున్నాను. మనవరాలికి ఇక ఏం చెప్పి అన్నం తినిపించాలా అని ఆలోచిస్తూ తోలాను.

ఇటుక బట్టీ మలుపు తిరిగాను.

మిట్ట మధ్యలో కారు. వెనక చక్రాలు ఎర్రబురదలో గిర్రున తిరుగుతున్నాయి, కారు మాత్రం అంగుళం కదలడం లేదు. వియ్యంకుడు దిగి నెట్టినట్టున్నాడు, కనుబొమలదాకా ఎర్రగా ఉన్నాడు. టోపీ ఎటుపోయిందో!

నా బండి పెద్ద చక్రాలు బురదను కరకరా నమిలేస్తూ ఎక్కుతున్నాయి. పక్కనుంచి పోతే గెలిచేసినట్టే. వియ్యంకుడు తల తిప్పుకున్నాడు. ఆ తల తిప్పుకోవడంలో ఏముందో తోలేవాడికి తెలుస్తుంది. నడిరోడ్డు మీద బండి దిగబడితే మనిషి ప్రాణం చచ్చిపోతుంది. కారుకి ముందుగా వెళ్ళి ట్రాక్టరు ఆపాను.

మా ఆవిడ కారు అద్దం దించింది. "ఏం చూస్తున్నారు? తాడు ఉందా లేదా? అప్పుడైతే ఎవరూ అడక్కుండానే దిగారు!"

వియ్యంకుడు ఆవిణ్ణీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "అప్పుడా? అప్పుడేం జరిగింది?"

"ఏముందన్నయ్యగారూ, బస్సు ఇక్కడే దిగబడింది. ఈయన తాడు కట్టి మిట్ట పైదాకా లాక్కొచ్చారు. ఆ కొక్కెం అప్పుడు వంగిందే. దారంతా ఈయన వీపు చూస్తూ కూర్చున్నా. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని."

"మరి బస్సును దాటేశానన్నారు!" ఆయన నా మీదికొచ్చాడు.

"ఎప్పుడన్నాను? వెనకేసుకొచ్చాను అన్నాను. వెనక వేసుకునే వచ్చాను!"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. అంతలో కడుపు పట్టుకుని నవ్వుతూ బురదలోనే కూలబడ్డాడు. నేనూ నవ్వాను. పళ్ళు ఊడబోతే చేత్తో పట్టుకున్నాను, లేకపోతే అబద్ధమాడాననుకుంటాడు.

తాడు కట్టాను. ఆయన లేచి కారెక్కి స్టీరింగు పట్టుకున్నాడు. మొదటి గేరులో వేశాను. కొక్కెం మూలిగింది, తాడు బిగిసింది, బురద 'చప్' మని కారును వదిలేసింది. అబ్బ, ఆ లాగుడు! నడుం కింద కొండ కదిలినట్టుంది. ఈసారి వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ముందు చూసి తోలండి!" అని అరిచింది. ముఖం మాత్రం ఆ ముందు సీటు పిల్లదే.

తాడు విప్పకుండానే మైదానంలోకి వచ్చేసరికి జనం ఈలలు, కేకలు. మనవరాలు జనం ముందు కట్టిన తాళ్ళ కింద దూరి పరిగెత్తుకొచ్చింది. "ఒక తాత ముందు, ఒక తాత వెనక!"

వియ్యంకుడు బురద మొహంతోనే మైకు అందుకున్నాడు. "నేను బస్సు డ్రైవర్ని. నా మాట నమ్మండి. ఈ ట్రాక్టరు నిండు బస్సును వెనకేసుకొచ్చింది. నిజమే!" అన్నాడు. తరవాత నా చెవిలో, "కానీ బావగారూ, ఇక నుంచి కథలో తాడు కూడా ఉండాలి," అన్నాడు.

"తప్పకుండా," అన్నాను.

మేం ఒళ్ళు కడుక్కుని వచ్చేసరికి మనవరాలు ట్రాక్టరు సీటెక్కి పిల్లలందరికీ చెబుతోంది. "... అప్పుడు తాడు తెగిపోయింది. అయినా కారు భయపడి దానంతటదే వెనకాల వచ్చేసింది!"

ఓ పిల్లాడు వియ్యంకుడి చొక్కా లాగాడు. "నిజమా తాతా?"

వియ్యంకుడు నా వంక ఓసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"నిజమేరా. నేను లోపలే ఉన్నాగా. స్టీరింగు కూడా పట్టుకోలేదు."