ఫెర్న్ గుర్తుపట్టని పిల్ల

మల్యాల నుంచి మొదటి బస్సుకు వచ్చి, జగిత్యాల కాలేజీ వరండాలోని పన్నెండు ఫెర్న్ కుండీల్లో వేలు గుచ్చి చూడటంతో మంజులకు తెల్లవారుతుంది. మట్టి తడిగా ఉంటే నీళ్లు పోయదు, పొడిగా ఉంటే నిండా పోస్తుంది. ఫిల్టర్ మిషన్ వదిలేసే ఉప్పునీళ్లను దగ్గరికి రానివ్వదు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు చూసి ఎవరైనా పురుగుమందు తెస్తే, "గవి పురుగులు కావు సార్, దాని ఇత్తులు" అని నవ్వుతుంది.

ఆమె పని ముగిసే వేళకు రెండో బస్సులో కూతురు శ్రీజ దిగుతుంది. అదే కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం. తల్లి పక్కనుంచే పోతుంది గానీ పలకరించదు. స్నేహితురాళ్లలో ఒకరి నాన్నకు రైసుమిల్లు, ఇంకొకరి నాన్నకు మెట్‌పల్లిలో పసుపు వ్యాపారం. చీపురు పట్టుకున్న మనిషిని చూపించి మా అమ్మ అనడానికి శ్రీజకు నోరు రాలేదు. మంజుల కూడా ఎందుకని అడగలేదు. అడిగితే బాధపడేది ఇద్దరూ కదా.

చిక్కంతా ఫెర్నులతోనే వచ్చింది. పెంచిన మనిషి వస్తే ఫెర్న్ ఆకులు ఆ వైపు తిరుగుతాయి, ఆమె కన్న పిల్లలు వచ్చినా తిరుగుతాయి. ఆ చుట్టుపక్కల ఇది అందరికీ తెలిసిందే. కోరుట్లలో ఒక వారసత్వ తగాదాను పిల్లలను కుండీ ముందు నిలబెట్టే తేల్చారు. శ్రీజ వరండాలో అడుగుపెడితే చాలు, పన్నెండు కుండీలూ పెళ్లిలో చుట్టాల్లా తలలు తిప్పేవి.

"గీ మొక్కలు నిన్నే సూస్తున్నయేందే?" అంది స్నేహితురాలు సంగీత ఒకరోజు అనుమానంగా.

"గాలికి," అంది శ్రీజ. ఆ రోజు గాలే లేదు.

ఆ సాయంత్రం అందరూ పోయాక శ్రీజ కుండీలన్నీ కంప్యూటర్ గదిలోకి మోసి, ఏసీ కింద పెట్టేసింది. సార్లే పెట్టించారనుకున్న మంజుల వాటిని కదపలేదు. ఆ చల్లగాలి పడదని తెలిసీ, చెప్పడానికి భయపడి, రోజూ నీళ్లు మాత్రం చిలకరించింది.

మూడు వారాల్లో కొనలు మాడి ఆకులు రాలాయి. ప్రిన్సిపాల్ మంజులను గదికి పిలిచాడు.

"మొక్కలను ఏసీల పెట్టి సంపినవ్. రేపటి సంది పనికి రాకు."

"నేను పెట్టలే సార్. మీరు పెట్టిచ్చిండ్రనుకున్న."

ఆయన నమ్మలేదు. మంజుల ఇల్లు నడిచేది ఆ జీతంతోనే. గుమ్మం దగ్గర విన్న శ్రీజ లోపలికి వెళ్లింది.

"సార్, కుండీలు నేను జరిపిన."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఈమె నీకేమైతది? సొంతోళ్లయితే నీ మాట చెల్లది."

బల్ల మీద సగం ఎండిన కుండీ ఒకటుంది. ముగ్గురూ దాన్నే చూశారు. మిగిలిన నాలుగు ఆకులూ మంజుల వైపే తిరిగి ఉన్నాయి. శ్రీజ వైపు ఒక్కటీ కదల్లేదు. తనను ఏడిపించిన చేతిని ఫెర్న్ ఇక గుర్తుపట్టదు.

మా అమ్మ అని చెప్పబోయింది శ్రీజ. అంతలో మంజుల అందుకుంది.

"నాకెరుకలేదు సార్, ఎవల పిల్లనో. మొక్క సుత గుర్తువట్టలే గద."

శ్రీజ నోరు మూసుకుంది. ఆ క్షణంలో ఆమెకు ప్రాణం హాయిగా అనిపించింది. ఆ హాయిని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంది.

పరాయి పిల్ల సాక్ష్యం కాబట్టి ప్రిన్సిపాల్ నమ్మాడు. శ్రీజకు నాలుగు చీవాట్లు పడ్డాయి, మంజుల పని నిలిచింది. కుండీలు మళ్లీ వరండా నీడకు వచ్చాయి. ఎండిన ఆకులు కత్తిరించి నీళ్లు పోయగా, నెల తిరిగేసరికి కొత్త చిగుళ్లు చుట్టలు చుట్టుకుని లేచాయి. శ్రీజ పక్కనుంచి పోతే ఒక్కటీ తిరిగేది కాదు. ఆమె కోరుకున్నదే ఆమెకు దక్కింది.

ఇంట్లో మంజుల ఆ ఊసే ఎత్తలేదు. "తిట్టరాదే అమ్మా," అని కూతురు ఏడిస్తే, "కూరల ఉప్పు సరిపోయిందా బిడ్డా?" అంది.

ఒక సోమవారం శ్రీజ వరండాలో ఆగింది. సంగీత పక్కనే ఉంది, కాస్త అవతల ప్రిన్సిపాల్ నిలబడి ఉన్నాడు. అందరికీ వినబడేలా "అమ్మా!" అని పిలిచింది.

కుండీల దగ్గర వంగి ఉన్న మంజుల, మగ్గు పట్టుకుని లేచి, ఈ పిల్ల ఎవరిని పిలుస్తోందో అన్నట్టు తన వెనక్కి తిరిగి చూసింది.