ఉచ్చీరమ్మ డ్యూటీలో దానమ్మ

శ్రావణ సోమవారం ఉరుకుంద ఈరన్న స్వామికి తలనీలాలిచ్చి, మంగళవారం పొద్దున్నే ఆదోనిలో బస్సు దిగిన ఉచ్చీరమ్మ గుండు మీద కొంగు కప్పుకుని నేరుగా నూలు మిల్లుకు వచ్చింది. గేటు దగ్గరే సంగతి తెలిసింది. నిన్న దూది ఏకే మిషన్ కింద చెత్త లాగుతుంటే దానమ్మ కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయట.

ఉచ్చీరమ్మ గేటు పట్టుకుని అక్కడే కూలబడింది. నిన్న ఆ మిషన్ దగ్గర ఉండాల్సింది తను.

ఆ ఇద్దరూ మిల్లు మనుషులు కారు. ఎమ్మిగనూరులోని ఒక ఏజెన్సీ వాళ్లను మిల్లుకు పంపుతుంది. వారానికో రోజు సెలవు కూడా ఆ ఏజెన్సీ ఇచ్చిందే. ఆ పుణ్యాత్ములు చర్చికి పోయే దానమ్మకు సోమవారం, సోమవారాలు ఈరన్నను కొలిచే ఉచ్చీరమ్మకు ఆదివారం సెలవు రాసిపెట్టారు. మార్చండి సారూ అని ఎంత మొత్తుకున్నా వినలేదు. దాంతో ఆడవాళ్లిద్దరే మార్చుకున్నారు. ఆదివారం ఉచ్చీరమ్మ వచ్చి హాజరు షీటులో దానమ్మ పేరు పెడుతుంది. సోమవారం దానమ్మ వచ్చి ఉచ్చీరమ్మ పేరు పెడుతుంది. కింద సూపర్‌వైజర్ శ్రీనివాసులు సంతకం చేస్తాడు. మిషన్ తిరిగితే ఆయనకు చాలు. మిల్లంతటికీ తెలిసిన ఈ సంగతి తెలియనిది ఒక్క కాగితానికే.

ఇప్పుడు ఆ కాగితమే అడ్డం తిరిగింది. పనిలో తెగిన వేళ్లకైతే కార్మికుల బీమా చూసే ఈఎస్ఐ వాళ్లు జీవితాంతం పింఛను ఇస్తారు. దానికి ఏజెన్సీ రాసివ్వాలి. దానమ్మ మొగుడు యేసురత్నం ఎమ్మిగనూరు పోయి అడిగితే, సోమవారం నీ పెండ్లానికి సెలవు, షీటు చూడు అని తిప్పి పంపారు.

శ్రీనివాసులు ఉచ్చీరమ్మను పక్కకు పిలిచాడు.

"నువ్వు నోరు తెరిస్తే నీ పని పోతాది, నా పని పోతాది. తెగిన యేళ్లు మళ్లీ మొలుస్తాయా? గమ్మునుండు తల్లీ."

ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఉచ్చీరమ్మకూ భయమే. మొగుడు పోయినప్పటి నుంచి ఇద్దరు ఆడపిల్లల బడి, తిండి ఆ పని మీదే నడుస్తున్నాయి.

ఆసుపత్రిలో దానమ్మ చేతికి పెద్ద కట్టు. ఉచ్చీరమ్మను చూడగానే నవ్వబోయింది.

"దర్శనం బాగా అయిందా? గుండు బాగుండాది లే ఉచ్చీ, ఇంక పేల బాధ లేదు."

"నవ్వొద్దు దానక్కా. నాకు రావాల్సింది నీకొచ్చింది. నేను పోయి ఉన్న మాట సెప్పేస్తా."

"ఈ పొద్దు ఉండు. తొందరేముండాది? ముందు ఇంటికి పోయి పిల్లోళ్లకు కూడొండు."

ఉచ్చీరమ్మ ఇంటికి పోయింది. ఆ పూట పోయినందుకు తనను తాను ఎంత తిట్టుకుందో చెప్పలేం. ఉండు అనగానే ప్రాణం హాయిగా అనిపించింది మరి. తెల్లవారగానే పిల్లలను బడికి తోలి, ఎమ్మిగనూరు బస్సెక్కింది.

ఏజెన్సీ ఆఫీసులో మంజునాథ్ అనే కుర్ర మేనేజర్ షీటు తీసి చూపించాడు.

"సోమవారం నువ్వు డ్యూటీ చేసినావు. ఇది నీ సంతకమే కదా?"

"నాది కాదప్పా. దానమ్మది."

"నిన్ననేమో నీదే అని శ్రీనివాసులు చెప్పినాడే!"

ఉచ్చీరమ్మ తల మీద కొంగు తీసేసింది. "సోమారం ఉరుకుందలో గీయించుకున్నా. నేను ఆడుంటే ఈడ మిషన్ కాడ ఎట్లుంటా? నా బదులు నిలబడింది దానక్క. యేళ్లు పోయింది డ్యూటీలోనే."

మంజునాథ్ సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు.

"నువ్వెందుకమ్మా తలకెత్తుకుంటావు? నిన్న సాయంత్రం దానమ్మే రాయించి పంపింది. ఇంట్లో గడ్డి కోసే మిషన్‌లో చెయ్యి పడిందంట. ఏజెన్సీకి సంబంధం లేదంట. నీ మీదికి ఏమీ రాదు. పో, పనికి పో."

కాగితం కింద ఎడమచేతి వేలిముద్ర ఉంది. కుడిచేత్తో సంతకం పెట్టలేక వేసిన ముద్ర.

ఉచ్చీరమ్మకు ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది. ఆఫీసులో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూస్తున్నా ఆపుకోలేదు.

"అబద్ధమప్పా! వాళ్లింట్లో గొడ్డే లేదు, గడ్డి మిషన్ యాడిది? నా పిల్లోళ్లు పస్తుంటారని నాకోసరం రాయించింది. నా పేరు కొట్టేసి ఆమె పేరు రాయి."

"రాస్తే నువ్వు దొంగ హాజరు వేసినట్టు అవుతాది. ఎన్ని ఆదివారాలు వేసినావో అన్నీ బయటికొస్తాయి."

"రానీ."

మంజునాథ్ శ్రీనివాసులుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఉచ్చీరమ్మ వచ్చి ఇట్లా చెబుతోంది, నిజమేనా అని అడిగాడు. అవతల మిషన్ల హోరు వినబడుతోంది.

"ఆయమ్మ ఆడికే వచ్చిందా?" అన్నాడు శ్రీనివాసులు. "నిజమే సార్. ఆ పొద్దు ఉండింది దానమ్మే. తెలిసే సంతకం పెట్టినా. నిన్న మీకు అబద్ధం సెప్పినా."

మంజునాథ్ ఫోన్ పెట్టేసి, దానమ్మ పంపిన కాగితాన్ని పక్కన పడేశాడు. షీటులో సోమవారం ఎదురుగా ఉచ్చీరమ్మ పేరు కొట్టేసి దానమ్మ పేరు రాశాడు. ఈఎస్ఐకి పంపాల్సిన ప్రమాదం రిపోర్టు కూడా ముందరేసుకుని నింపాడు. అంతా అయ్యాక తల వంచుకునే చెప్పాడు.

"రేపటినుంచి నువ్వు పనికి రావద్దమ్మా. నా చేతుల్లో లేదు."

ఉచ్చీరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"సరేనప్పా. ఆ మాట మటుకు దానక్కకు ఇప్పుడే తెలియనీయొద్దు. ఇంకా కుట్లు మానలేదు."

మంజునాథ్ అలాగేనని తలూపాడు. ఆమె గుమ్మం దాటేదాకా రిపోర్టు మీంచి చూపు ఎత్తలేకపోయాడు.