జీపు చక్రాలు

కిష్టారం దగ్గరి ఆ పల్లెకు వినీత కాపురానికొచ్చి నెల కాలేదు. అత్తింట్లో ప్రతిదీ ఆమెకు పండగే. పశువుల కొట్టం సర్దుతుంటే మామ ముసలయ్య వాళ్ళ తాత నాటి బండి చక్రం బయటపడింది. మూడు చెక్కలు కలిపి గుండ్రంగా చెక్కిన బిళ్ళ! దాని వెనకే ఆయన తండ్రి చేయించింది. బరువు తగ్గాలని నడుమ చెక్కంతా తీసేసి ఆకులనే కర్ర ఊచలు నిలిపారు. ఇప్పటి బండిదీ ఆకుల చక్రమే, కాకపోతే అరిగిపోకుండా ఇనప పట్టా తొడిగారు.

"మా కాలేజీ చరిత్ర పుస్తకమంతా మీ కొట్టంలనే ఉంది!" అని ఆమె చప్పట్లు కొట్టింది.

"దాంట్ల ఇంకో పేజీ నేను తెస్త" అన్నాడు భర్త హరిబాబు.

ఆ మాట ఊరికే అనలేదు. కాడికి కుడివైపు కట్టే ఎద్దు ఎర్రోడు ముసలోడై కుంటుతున్నాడు. "ఈసారి సంతకు ధాన్యం లాగితే సరి, లేకుంటే అక్కడనే కబేళా బేరగానికి అప్పజెప్పొస్త" అని ముసలయ్య తేల్చేశాడు. ఎర్రోడంటే వినీతకు ప్రాణం. అది తెలిసే హరిబాబు దోర్నపాల్ వెళ్ళి, పాత జీపు చక్రాలూ బేరింగుల ఇరుసూ తెచ్చి బండికి బిగించాడు.

వినీత ఒక్క చేత్తో తోస్తే బండి వాకిలంతా తిరిగింది.

"ఏంది కోడలా, ఎడ్లు మానేసి నిన్నే కట్టాల్నా ఏంది?" అని ముసలయ్య నవ్వాడు. నవ్వుతూనే బస్తాల వైపు చూశాడు. "ఇంత అల్కగ తిరుగుతాంటే రెట్టింపు ఎక్కియ్యిరా."

"మామా, ఎర్రోని కోసమే గదా ఈ చక్రాలు తెచ్చింది!"

"ఎద్దు కోసం చక్రం చేసినోడు ఎవడన్న ఉన్నడా పిల్లా? కాలేజీల గది చెప్పలేదా?"

అయినా, రెట్టింపు బస్తాలతో సంతకు బయల్దేరాక చదును దారిలో ఎర్రోడు బాగానే నడిచాడు. మూపురం నిమురుతూ పక్కనే నడిచిన వినీత, గెలిచామనుకుంది.

వాగు దిగుడు దగ్గర హరిబాబు, చిన్నప్పటి నుంచీ అలవాటైన పనే చేశాడు. బండి మీంచి దూకి, చక్రం ఆకుల సందులోకి కర్ర దూర్చబోయాడు. అలా అడ్డం పెడితే చక్రం తిరగదు, బండి నేలను రాసుకుంటూ మెల్లగా దిగుతుంది. జీపు చక్రానికి ఆకులెక్కడివి? కర్ర ఇనప రేకుకు తగిలి ఠంగున ఎగిరిపడింది. గాభరాగా మళ్ళీ పొడిచాడు. అప్పటికే రెట్టింపు బరువు ఎడ్లను వెనకనుంచి తోసుకుపోతోంది. రెండో ఎద్దు తమాయించుకుంది. ఎర్రోడు కాడితో సహా ముందుకు కూలాడు. ముందుకాలి ఎముక విరిగిన చప్పుడు వినీతకు వినిపించింది.

ముసలయ్య ముల్లుకర్రతో పొడిచి చూశాడు. లేవలేదు.

"బస్తాలు దించున్రి. దీన్ని బండి మీదికెక్కియ్యిన్రి. పానముంటెనే బేరగాడు తీసుకుంటడు."

సంతకు పోతున్న మనుషులు సాయం పట్టారు. కాళ్ళు కట్టి, తాళ్ళతో ఈడ్చి, బస్తాలున్న చోట ఎర్రోణ్ణి పడేశారు.

"ఇంకో పక్క కాడి ఎవరు పడ్తరు నాయినా?" అడిగాడు హరిబాబు.

"చక్రాలు తెచ్చినోడివి నువ్వే గదరా. దూరు."

హరిబాబు పెళ్ళాం వైపు చూడకుండా కాడి కింద మెడ పెట్టాడు.

"నువ్వేంది నిలబడ్డవు? నెట్టు" అన్నాడు మామ. అవతలి గట్టు ఎక్కేదాకా ఆమె వెనకనుంచి నెట్టింది. ఎర్రోడి ఊపిరి ముంజేతులకు వెచ్చగా తగులుతోంది. చదును దారి రాగానే వినీత చేతులు తీసేసింది.

బండి ఆగలేదు.